సమాన గౌరవ పంక్తి

పెద్ద అడవే. ఈ కొసన అడవికోడి కూస్తే ఆ కొసన వినబడేసరికి పొద్దు నడినెత్తికి వస్తుందని చెప్పుకునేంత పెద్ద అడవి. అయినా ఎండలు ముదిరాయంటే అంత అడవికీ నీళ్లుండే చోటు ఒక్కటే, మెట్ట కింద మడుగు. దాని చుట్టూ చెట్టూ చేమా లేవు, అంతా బయలు.

ఏటా వేసవిలో ఎండిన ఏటి అవతలినుంచి రేచుకుక్కలు గుంపుగా దిగేవి. నీళ్లకొచ్చిన జీవాలను చుట్టుముట్టేవి. పోయిన వేసవిలో పదకొండు జింకపిల్లలు తల్లుల వెంట మడుగుకు వెళ్లి మళ్లీ రాలేదు.

అడవికి రాజు చారల దొర అనే పెద్దపులి. వయసులో ఉన్నప్పుడు ఒకసారి రేచుకుక్కలకు ఎదురెళ్లి, తోకలో జానెడు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. ఆ రోజునుంచీ "రాజు స్వయంగా పోట్లాడటం రాజ్యానికి మర్యాద కాదు, అందుకు దళాలున్నాయి" అని తేల్చేశాడు.

దళాలు రెండు. ముళ్లపందులది ఈటెల దళం. కోతులది విసురు దళం.

ఈటెల దళానికి పెద్ద శలాకయ్య. పొట్టి కాళ్లు, మసక చూపు, పొదుపు మాటలు. ముళ్లపందులు రాత్రిపూట తిరిగే జీవాలు. దళంలో చేరిన పాపానికి పగలు నిలబడాల్సి వచ్చేది కనుక, వాళ్లలో సగంమంది ఎప్పుడు చూసినా ఆవలిస్తూ ఉండేవాళ్లు. వాళ్లు పోరాడే తీరూ వేరు. శత్రువుకు వీపు తిప్పి, ముళ్లు విప్పి, వెనక్కి వెనక్కి దూసుకుపోవాలి. వెన్ను చూపడం లోకానికి పిరికితనం, వాళ్లకు మాత్రం శౌర్యం.

అయితే రేచుకుక్కలు తెలివైనవి. ముళ్లపందులు వరుస కట్టగానే నాలుగు బారల దూరాన చతికిలబడి నాలుకలు చాపి కూర్చునేవి. ఎండకు ముళ్లపందులు సొమ్మసిల్లేదాకా కూర్చుని, తర్వాత పక్కనుంచి తీరిగ్గా వెళ్లి జింకల్ని పట్టుకునేవి.

కోతుల సంగతి ఇంకోరకం. వెలక్కాయ విసిరితే ముప్పై అడుగుల దూరాన ఈగమీద పడుతుంది. కానీ అది చెట్టుమీద ఉన్నప్పుడు. బయల్లో నేలమీద నిలబడ్డాక, రేచుకుక్కలు ఒక్క పరుగు పరిగెత్తితే చాలు, విసురు దళం కాయలు పారేసి అడవిలో పడేది.

పోయిన వేసవి చివర్లో ఒక చిన్న సంగతి జరిగింది. అలా పరిగెడుతున్న కోతుల్లో వెలగమ్మ అనే ముసలికోతి కాలు మడతపడి వెనకబడింది. తరుముకొస్తున్న రేచుకుక్కను చూసి, దారిలేక, ముళ్లు విప్పుకుని నిలబడ్డ శలాకయ్య మొహం ముందుకొచ్చి కూలబడింది. చేతిలో ఒక్క కాయ మిగిలి ఉంది. భయంతో కళ్లు మూసుకుని శలాకయ్య నెత్తిమీదుగా విసిరింది.

కుయ్యిమని అరుపు వినబడింది.

"ఏమైంది?" అన్నాడు శలాకయ్య. వీపు అటు ఉంది, అతనికేం తెలుస్తుంది?

"ముక్కుమీద తగిలింది తమ్ముడూ! కొంచెం ఎడమకు జరుగు, ఇంకోటి వస్తోంది!"

జరిగాడు. వచ్చింది ముళ్లమీద పడి మొర్రోమంటూ పోయింది. ఆ ఇద్దరి చాటున ఒక కణుజుదూడ కడుపునిండా నీళ్లు తాగి ఇల్లు చేరింది.

ఆ రోజునుంచీ శలాకయ్యకు నిద్ర సరిగ్గా పట్టలేదు. దూరంగా నిలబడితే వెలక్కాయ, దగ్గరికొస్తే ముల్లు. ఇక ఆ రేచుకుక్క ఎక్కడ నిలబడుతుంది?

ఎండలు రాకముందే రాజసభకు వెళ్లి మనవి చేసుకున్నాడు. "దొరా, మా ముళ్లపందులు శత్రువు వైపు వరుస కడతాయి. మా చాటున కోతులు నిలబడి మా నెత్తిమీదుగా విసురుతాయి. అంతే."

చారల దొర తల ఊపాడు. బాగానే ఉందనిపించింది. కానీ విసురు దళం నాయకుడు కొమ్మరాయుడు లేచి నిలబడ్డాడు. వెలగమ్మకు మేనల్లుడే గానీ, అత్త నేలమీద కూర్చుంటే తాను కొమ్మమీద కూర్చునే రకం.

"అంటే మేం వెనకా?" అన్నాడు. "మా తాతలనాటినుంచీ ఏ ఊరేగింపులోనైనా కోతులదే ముందు వరుస. ముళ్లపందుల చాటున దాక్కున్నామని రేపు లోకం అనుకోదా?"

అది విని ఒక కుర్ర ముళ్లపందికి ఒళ్లు మండింది. "వాళ్లు చాటున ఉండి కాయలు విసురుతుంటే మేం ముందుండి కరిపించుకోవాలా? మేమేం వాళ్లకు కంచెలమా?"

"అసలు ముళ్లపంది వీపే శత్రువు వైపు ఉంటుంది కదా," అన్నాడు ఇంకెవరో. "అలాంటప్పుడు ముందంటే ఏది, వెనకంటే ఏది?"

సభంతా గోలగోలైంది. అప్పుడు కార్యదర్శి ఏకపాదం గొంతు సవరించుకున్నాడు.

ఏకపాదం కొంగ. ఎప్పుడూ ఒంటికాలిమీద కళ్లు మూసుకుని నిలబడతాడు. ఆలోచిస్తున్నాడని దొర నమ్మకం. ఎవరి మాటా కాదనకుండా ఎవరి పనీ కానివ్వకుండా పన్నెండేళ్లుగా కొలువు చేస్తున్న ఘనుడు.

"మహారాజా, ఇది తొందరపడాల్సిన విషయం కాదు," అన్నాడు. "ఉభయ దళాల గౌరవానికీ భంగం రాకుండా ఒక సంఘం వేద్దాం. అధ్యక్షుడిగా... వేరే ఎవరూ లేకపోతే నేనే శ్రమ పడతాను."

సంఘం రెండు నెలలు కూర్చుంది. కూర్చుని, మడుగు పక్క ఇసుకలో చదరంగా ఒక స్థలం చదును చేయించింది. ముళ్లపందులకు రేగుగింజలు, కోతులకు చింతగింజలు, రేచుకుక్కలకు ఎర్రటి గురివింద గింజలు. ఎవరి దెబ్బ తగిలిందో తేల్చడానికి గవ్వలు. ఆ ఇసుకమీద ఏకపాదం తన కొత్త వ్యూహాన్ని పరిచాడు. ఒకే వరుస. ఒక రేగుగింజ, పక్కన ఒక చింతగింజ, మళ్లీ రేగుగింజ, మళ్లీ చింతగింజ. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు.

"దీనికి సమాన గౌరవ పంక్తి అని పేరు పెట్టాను," అన్నాడు వినయంగా కళ్లు మూసుకుని.

కొమ్మరాయుడు చప్పట్లు కొట్టాడు. కుర్ర ముళ్లపందులూ శాంతించాయి. చారల దొర గవ్వలు వేశాడు, గెలిచాడు. మళ్లీ వేశాడు, మళ్లీ గెలిచాడు. గురివింద గింజల్ని ముక్కుతో జరిపేది ఏకపాదమే. అవి ఎప్పుడూ బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి, తిన్నగా వరుస మధ్యకే వచ్చేవి.

ఆ ఆట దొరకు తలకెక్కింది. పొద్దున్నే వచ్చి ఇసుక ముందు కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. రాజు ఆడుతుంటే మిగతావాళ్లు ఊరుకుంటారా? ఎలుగుబంటి వచ్చాడు, అడవిదున్న వచ్చాడు. నియమాలు పది కాస్తా నలభై అయ్యాయి, నలభై కాస్తా నాలుగు వందలు. ఎదురుగాలిలో చింతగింజ ఎన్ని వేళ్ల దూరం పోతుందన్న దానిమీద ఎలుగుబంటీ అడవిదున్నా మూడు రోజులు మాట్లాడుకోవడం మానేశారు. రేగుగింజలకు తేనెతో చారలు గీయడం ఒకడు మొదలుపెడితే, గీయనివాణ్ని ఆటకు రానివ్వం అన్నారు. నిజం కోతులూ నిజం ముళ్లపందులూ కలిసి ఒక్క పూటైనా సాధన చేశాయా అని అడిగినవాడు లేడు.

శలాకయ్య ఒకరోజు అడిగాడు. "కార్యదర్శి గారూ, రేచుకుక్కలు పక్కనుంచి వస్తేనో?"

"పక్కనుంచి రావడం నియమావళిలో లేదు," అన్నాడు ఏకపాదం.

"నేనొకసారి ఆడొచ్చా? గురివింద గింజలు నాకివ్వండి."

దొర మంచి హుషారులో ఉన్నాడు. "ఆడనివ్వండి" అన్నాడు. శలాకయ్య గింజల్లో సగాన్ని వరుస ఎదుట దూరంగా కూర్చోబెట్టాడు. మిగతా సగాన్ని పక్కగా తిప్పి వరుస కొసనుంచి లోపలికి తోశాడు. మూడే మూడు ఎత్తులు. ఇసుకమీద నిలబడ్డ చింతగింజ ఒక్కటీ లేదు.

దొర మొహం గంటుపెట్టుకున్నాడు.

"ఇది అక్రమం," అన్నాడు ఏకపాదం. "శత్రువు తరఫున ఇంత ఉత్సాహంగా ఆడేవాణ్ని నేనింతవరకు చూడలేదు మహారాజా. ఇంతకన్నా నేనేమీ అనను."

అనాల్సినదంతా అనేశాడు. ఆ పూటనుంచి శలాకయ్యకు ఇసుక దగ్గరికి రావడమే నిషేధం.

బొరియకు పోతుంటే వెలగమ్మ ఎదురైంది. సంగతి విని చాలాసేపు తల గోక్కుంది.

"నువ్వు గెలిచి చూపించావు, అదీ నీ తప్పు," అంది. "ఓడి చూపిస్తే వినేవాళ్లేమో."

"ఆట నాకెందుకక్కా? మడుగుకు పోయే జింకపిల్లల మాటేమిటి?"

మర్నాటినుంచి వెలగమ్మ, ఎవరడిగినా చెట్లకింద శుభ్రం చేస్తున్నానని చెబుతూ, మడుగు గట్టున వెలక్కాయలు కుప్పలు పోయడం మొదలుపెట్టింది.

రేచుకుక్కలు ఆ ఏడు తొందరగా వచ్చాయి. ఒక తెల్లవారుజామున జింకలు నీళ్లు తాగుతుండగా ఏటి అవతల ఈలలు వినబడ్డాయి. అవి మొరగవు, ఈల వేస్తాయి. ముందు వాటి నాయకుడు నల్లతోక, వెనక నలభై.

సమాన గౌరవ పంక్తి ఠీవిగా నిలబడింది. ఒక ముళ్లపంది, ఒక కోతి. ఒక ముళ్లపంది, ఒక కోతి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఏకపాదం పర్యవేక్షణ కోసమని దూరాన మద్దిచెట్టు చిటారుకొమ్మ ఎక్కాడు. దొర ఆరోగ్యం బాగాలేక గుహలోనే ఉండిపోయాడు.

ఈలలు దగ్గరయ్యాయి. ముళ్లపందులు అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి ముళ్లు విప్పాయి.

ముళ్లు విప్పుకుంటే ముళ్లపంది రెండింతలవుతుంది. ఆ సంగతి నాలుగు వందల నియమాల్లో ఎక్కడా లేదు. రేగుగింజ ఎప్పుడూ రేగుగింజంతే ఉంటుంది.

"అమ్మో!" అన్నాడు కొమ్మరాయుడు, కుడితొడ పట్టుకుని. "అబ్బో!" అన్నాడు, ఎడమతొడ పట్టుకుని. వరుస పొడుగునా అవే కేకలు. విసరడానికి చెయ్యెత్తిన కోతి మోచెయ్యి పక్క ముళ్లపందికి తగిలేది, ఉలిక్కిపడి అది ఇంకొన్ని ముళ్లు విప్పేది. యుద్ధం ఇంకా మొదలు కాలేదు, గాయపడ్డవాళ్లు అప్పుడే పాతికమంది.

నల్లతోక ఆగి చూశాడు. ఇంతకాలంగా వస్తున్నాడు గానీ ఇలాంటిది చూడలేదు. ఏదో మోసం ఉందేమోనని కాసేపు అనుమానించాడు కూడా. తర్వాత సగం గుంపును ఎదురుగా కూర్చోబెట్టి, మిగతా సగాన్ని వెంటపెట్టుకుని, వరుస కొసమీద పడ్డాడు.

కోతులు కకావికలయ్యాయి. కోతులు పోయిన ప్రతిచోటా సందు, ప్రతి సందులోనూ ఒక రేచుకుక్క. జింకలు మడుగులోకి మెడలోతుకు దిగిపోయి పిల్లల్ని వీపులమీద మోస్తూ కేకలు వేస్తున్నాయి. వాటికి వెనక నీళ్లు, ముందు కోరలు.

శలాకయ్య మసక చూపుకు ఇవేవీ కనబడటం లేదు, వినబడుతున్నాయంతే. ఎక్కడో ఒక జింకపిల్ల అమ్మను పిలిచింది. ఆ గొంతు విన్నాక నియమావళి, సంఘం, దొర, ఏవీ అతనికి గుర్తులేవు.

"ముళ్లపందులన్నీ మడుగు దగ్గరికి!" అని అరిచాడు. "మొహాలు నీళ్లవైపు, వీపులు బయటికి! ఒకరికొకరు ఆనుకోండి! కోతులు మా వెనకాల... కాదు, ముందు... ఏదో ఒకటి! మా మొహాలు ఎటుంటే అటు రండి!"

"విన్నారా!" అని వెలగమ్మ కేక వేసింది. "మొహం చూడండర్రా, మొహం!"

పారిపోతున్న కోతులకు కావలసింది దాక్కునే చోటు. గట్టున ముళ్ల గోడ నెలవంకలా వంగి లేస్తోంది, దాని కొసలు రెండూ నీళ్లలోకి దిగాయి. గోడమీదుగా దూకి లోపల పడ్డారు. చేతికందేంత దూరంలో వెలక్కాయల కుప్పలు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. భయంలో ఉన్న కోతికి కాయ దొరికితే ఏం చేస్తుందో అదే చేశారు.

మొదటి జల్లుకు రేచుకుక్కలు నివ్వెరపోయాయి. అలవాటుకొద్దీ నాలుగు బారల దూరం జరిగి కూర్చున్నాయి. కూర్చున్నవాటి నడినెత్తిన కాయలు పడ్డాయి. లేచి మీదికి ఉరికాయి. ఉరికినవి మూతినిండా ముళ్లతో వెనక్కి దొర్లాయి. పక్కనుంచి వద్దామంటే పక్కలు రెండూ నీళ్లలో ఉన్నాయి.

శలాకయ్యకు ఎదురుగా రెండడుగుల దూరంలో వెలగమ్మ మొహం. యుద్ధమంతా అతనికి ఆ మొహంలోనే కనబడింది. ఆమె కనుబొమలు లేస్తే మీదికొస్తున్నాయని, పెదవి కొరికితే గురి తప్పిందని, పళ్లు ఇకిలిస్తే తగిలిందని. "కుడి!" అంటే కుడికి జరిగాడు. "తొయ్యి!" అంటే వెనక్కి తోశాడు. అతన్ని చూసి పక్కవాళ్లూ ఎదుట ఉన్న కోతి మొహాన్ని పట్టుకున్నారు.

చాలాసేపటికి ఆ మొహం పాలిపోయింది.

"ఏంటక్కా?"

"కాయలైపోయాయి తమ్ముడూ."

ఆమె చూపు ఒక్క క్షణం దూరాన చెట్లవైపు పోయింది. శలాకయ్య చూశాడు.

"సందు చూసుకుని పో. నువ్వు చెట్టెక్కగలవు. నేను ఎలాగూ పరిగెత్తలేను."

"నేను పోతే నీకు కళ్లెవరు?" అంది వెలగమ్మ విసుగ్గా. అని వంగి, మడుగు అంచున మోచేతిదాకా చెయ్యి పెట్టి, ఇంత బురద ముద్ద తీసింది. "జరుగు ఎడమకు. నల్లతోకే వస్తున్నాడు."

బురద ముద్ద నల్లతోక రెండు కళ్లనూ కప్పేసింది. కళ్లు కనబడని వేగంతో వచ్చి శలాకయ్య వీపుమీద పడ్డాడు. ఆ ఊపుకు శలాకయ్య మూతి నేలకు గుద్దుకుంది, కానీ కాళ్లు కదల్లేదు. నాయకుడు పెట్టిన కేక విన్నాక మిగతావి ఆగలేదు. కోతులన్నీ అప్పటికే బురదలో చేతులు పెట్టాయి. ఏటి ఒడ్డుదాకా బురద వాటిని తరిమింది.

ఆ పూట ఒక్క జింకపిల్ల కూడా పోలేదు. వీపులో విరిగిన ముళ్ల చోటల్లా నెత్తురు చెమ్మ, ఒళ్లంతా బురద, అయినా శలాకయ్య చాలాకాలానికి ఆ మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాడు.

మూడోనాడు రాజసభ. ఏకపాదం నివేదిక చదివాడు.

"సమాన గౌరవ పంక్తి తొలి ప్రయోగంలోనే ఘనవిజయం సాధించింది. అయితే యుద్ధం మధ్యలో ఈటెల దళం పెద్ద శలాకయ్య పైవారి అనుమతి లేకుండా వరుస తప్పించాడు. అదృష్టవశాత్తూ పంక్తి ఎంత పటిష్ఠమైనదంటే, దాన్ని చెడగొట్టినా గెలిచింది."

"చెడగొట్టానా?" అన్నాడు శలాకయ్య.

"మీరు వరుస మార్చలేదని చెబుతారా?"

"మార్చాను. అందుకే..."

"ఒప్పుకున్నాడు మహారాజా," అన్నాడు ఏకపాదం.

శలాకయ్యను దళం పెద్ద పదవినుంచి తీసేసి మామూలు ఈటెగాణ్ని చేశారు. వెలగమ్మకు రాజ్యపు వెలక్కాయల్ని అనుమతి లేకుండా కుప్ప పోసినందుకు మందలింపు. తొడలకు ఆకుకట్లు కట్టుకుని నిలబడ్డ కొమ్మరాయుడికి శౌర్య పతకం.

చారల దొర ఆనందం పట్టలేక సింహాసనం దిగొచ్చాడు. "ఏకపాదం గారూ, మిమ్మల్ని ఎంత సత్కరించినా తక్కువే. ఇంత గొప్ప పంక్తి కనిపెట్టినవారు చెట్టుమీద ఉండటం నాకే సిగ్గుగా ఉంది. ఈ క్షణంనుంచి మీరు మహాసేనాపతి. రేచుకుక్కలు ఎలాగూ పౌర్ణమిలోపు మళ్లీ వస్తాయట. ఈసారి పంక్తికి నట్టనడుమ మీరే నిలబడాలి!"

సభ దద్దరిల్లేలా చప్పట్లు. ఏకపాదానికి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. పన్నెండేళ్ల కొలువులో మొదటిసారి రెండోకాలు కూడా నేలమీద పెట్టాడు.

"మహారాజా, నేను... నా మెడ కాస్త పొడుగు, శత్రువుకు తేలిగ్గా..."

"అందరికీ కనబడుతుంది, అదే కదా కావలసింది!" అన్నాడు దొర.

ఆ సాయంత్రమే శలాకయ్య బొరియ ముందు ఒక పొడుగాటి నీడ పడింది. వెలగమ్మ అప్పుడు లోపలే ఉంది, అతని వీపుకు ఆకుపసరు రాస్తోంది.

"శలాకయ్య గారూ," అంది నీడ. ఆ "గారూ" విని ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "మొన్న మీరు వరుస తప్పించారు చూడండి, ఆ తప్పిన వరుసలో... నాబోటివాడు ఎక్కడ నిలబడితే బాగుంటుంది?"

వెలగమ్మ పకపకా నవ్వబోతే శలాకయ్య కళ్లతోనే ఆపాడు. నవ్వు అతనికీ వస్తోంది. కానీ పౌర్ణమి దగ్గరలో ఉంది, జింకపిల్లలు చిన్నవి.

"ముళ్లగోడ లోపల, నీళ్ల మధ్యన నిలబడండి," అన్నాడు. "మీ మెడ పొడుగు గనుక ఏ వైపునుంచి ఎన్ని వస్తున్నాయో మాకు అరిచి చెప్పండి. మాకు ఆ కళ్లే కావాలి. కానీ అందరూ రోజూ కలిసి సాధన చెయ్యాలి. రేపు పొద్దుటినుంచే."

"ఆజ్ఞ... అదే, అలాగే," అన్నాడు ఏకపాదం.

మర్నాడు మహాసేనాపతి పేరుమీద ఉత్తర్వు వెలువడింది. సమాన గౌరవ పంక్తిని ఇకనుంచి నెలవంక ఆకారంలో, ముళ్లు బయటికి, కాయలు లోపలికి ఉండేలా పాటించాలని. ముందెవరు, వెనకెవరు అని ఈసారి ఎవరూ అడగలేదు. తొడలమీది ఆకుకట్లు ఇంకా విప్పని కొమ్మరాయుడైతే ముళ్లకు ఆరడుగుల దూరం ఉంటే చాలన్నాడు. పౌర్ణమికి వచ్చిన రేచుకుక్కలు ఒక్క పూట కూడా నిలవలేక ఏరు దాటాయి. అంతసేపూ నడుమ నీళ్లలో రెండు కాళ్లమీదా నిలబడి వణుకుతూ, నిజంగానే బాగా చూసి, నిజంగానే గట్టిగా అరిచాడు ఏకపాదం. ఒళ్లు దాచుకోవడానికి చోటు లేనప్పుడు అతను చాలా పనిమంతుడని అందరికీ అప్పుడే తెలిసింది.

శలాకయ్యమీది శిక్షను మాత్రం ఎవరూ ఎత్తెయ్యలేదు. ఎత్తెయ్యాలంటే ముందు తప్పెవరిదో ఒప్పుకోవాలి. అందుకని ఆ అడవిలో సేనాపతికి రోజూ పొద్దున్నే పాఠం చెప్పే ఏకైక మామూలు ఈటెగాడిగా అతను ఉండిపోయాడు.

కాబట్టి తెలుసుకోవలసిందేమిటంటే, ఉపాయం చెప్పినవాడికి సన్మానం చెయ్యకపోయినా కొంప మునగదు గానీ, దాన్ని చెడగొట్టినవాడికి మాత్రం తప్పకుండా చెయ్యాలి, వాణ్ని యుద్ధంలోకి దింపడానికి వేరే దారి లేదు.